సీఎన్ఏ శిక్షణ: టీబీ పరీక్ష నుంచి రిజిస్ట్రీ దాకా నా అనుభవం

అమెరికాలో సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్ (సీఎన్ఏ, అంటే నర్సు కింద రోగుల రోజువారీ అవసరాలు చూసే సహాయకులు) అవుదామనుకునే తెలుగువాళ్లకు మొదటి చిక్కు క్లాసు మొదలవకముందే వస్తుంది. అది టీబీ పరీక్ష. మనలో చాలామందికి పసితనంలోనే బీసీజీ టీకా వేసి ఉంటారు. ముంజేతి చర్మంలోకి మందు ఎక్కించి 48 నుంచి 72 గంటల మధ్య వాపు కొలిచే స్కిన్ టెస్టులో, టీబీ లేకపోయినా ఆ టీకా వల్ల పాజిటివ్ రావచ్చు. వస్తే ఛాతీ ఎక్స్‌రే, డాక్టరు ఉత్తరం అంటూ తిరగాలి, ఈలోగా క్లినికల్ (రోగుల దగ్గర చేసే ప్రాక్టికల్ శిక్షణ) తేదీలు దాటిపోతాయి. అందుకని నేను స్కూలును ముందే అడిగి, బీసీజీ ప్రభావం పడని ఇగ్రా రక్తపరీక్ష చేయించుకున్నాను.

రెండోది పేరు. డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు పూర్తిగా, దరఖాస్తులో పొడి అక్షరంగా ఉంటే పరీక్ష రోజు గుమ్మం దగ్గరే ఆపేయవచ్చు. హెచ్4 (హెచ్1బీ వీసా వాళ్ల జీవిత భాగస్వామికి, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు కోర్సు చదవచ్చు గానీ ఉద్యోగానికి ఈఏడీ అనే పని అనుమతి ఉండాలి.

ఫీజు కట్టేముందు ఒక నిబంధన తెలిసి ఉండాలి. కోర్సు మొదలయ్యే నాటికే మెడికేర్, మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు) గుర్తింపు ఉన్న నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం, లేదా ఉద్యోగమిస్తామన్న మాట ఉంటే మన దగ్గర శిక్షణ రుసుము తీసుకోకూడదు. సొంత డబ్బుతో చదివి 12 నెలల్లోపు అలాంటి చోట చేరితే, పనిచేసే కాలాన్ని బట్టి ఆ ఖర్చు తిరిగి వచ్చే ఏర్పాటు ఉండాలి. రశీదులన్నీ దాచుకోండి. ఈ సంగతి అన్ని స్కూళ్లూ వాటంతటవే చెప్పవు.

1987 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం శిక్షణ కనీసం 75 గంటలు, అందులో 16 గంటలు పర్యవేక్షణలో చేసే ప్రాక్టికల్. రాష్ట్రాలు దీన్ని పెంచుకోవచ్చు: టెక్సాస్‌లో 100, కాలిఫోర్నియాలో 160. పాఠాలు కష్టమేమీ కాదు. కొలతలే కాస్త తికమక పెడతాయి. ఔన్సు అంటే 30 మి.లీ., 8 ఔన్సుల కప్పు 240. ఇరవైనాలుగు గంటల గడియారం రైల్వే టైంటేబుల్ చూసినవాళ్లకు కొత్త కాదు.

నేను రాసింది చాలా రాష్ట్రాల్లో వాడే ఎన్ఎన్ఏఏపీ అనే సీఎన్ఏ పరీక్ష. అందులో రాతపరీక్ష, చేసి చూపే స్కిల్స్ పరీక్ష అని రెండు భాగాలు. రాతపరీక్షలో 70 ప్రశ్నలు, 2 గంటలు. ఏ తేడా కనబడినా నర్సుకు చెప్పాలి, మందులు ఇవ్వకూడదు, క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) పెట్టకూడదు అన్న హద్దు మనసులో ఉంటే సగం జవాబులు దొరుకుతాయి.

ఎక్కువమంది తడబడేది స్కిల్స్‌లో. అయిదు స్కిల్స్ ఇస్తారు, అయిదూ పాసవ్వాలి. చేతులు కడుక్కోవడం ఎప్పుడూ ఉంటుంది, కొలిచి రాసేది ఒకటి ఉంటుంది. స్కిల్స్‌లో కొన్ని కీలకమైన మెట్లు ఉంటాయి. అవి వదిలేస్తే మిగతాదంతా బాగా చేసినా ఆ స్కిల్ పోయినట్టే. చేతులు కడిగేటప్పుడు వేళ్లు మోచేతుల కంటే కిందికి ఉండాలి, నురుగుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి, గోళ్ల కిందా రుద్దాలి. కుళాయిని పొడి పేపర్ టవల్‌తోనే కట్టాలి. సింకు లోపలి అంచు తగిలితే మళ్లీ మొదటినుంచి. చేతులు విదిలించుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు, అది మానుకోవాలి.

నాడి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఎవాల్యుయేటర్ (పరీక్ష చేసేవారు) లెక్కకూ మనదానికీ తేడా 4 దాటకూడదు. శ్వాసకైతే 2, మూత్రం కొలతకు 25 మి.లీ. మూత్రపు పాత్రను చేత్తో పైకెత్తి చూస్తే కొలత తప్పుతుంది. సమతలం మీద పెట్టి, కళ్లను గీత ఎత్తుకు దించి చూడాలి.

మంచం నుంచి వీల్‌చెయిర్‌లోకి మార్చేటప్పుడు చక్రాలకు బ్రేకు, ఫుట్‌రెస్టులు పక్కకు, మనిషి లేవకముందే కాళ్లకు జారని చెప్పులు, బట్టల పైనుంచి నడుముకు మనం పట్టుకునే బెల్టు. వరస తప్పితే ప్రమాదం: బ్రేకు లేని కుర్చీ, కూర్చునే క్షణంలో వెనక్కి జరుగుతుంది. క్యాథెటర్ శుభ్రం చేసేటప్పుడు మూత్రద్వారం దగ్గర గొట్టాన్ని లాగకుండా పట్టుకుని, అక్కణ్ణుంచి బయటికి కనీసం 4 అంగుళాలు ఒకే దిక్కుగా తుడవాలి. ప్రతిసారీ గుడ్డలో కొత్త భాగం వాడాలి. వెనక్కి తుడిస్తే సూక్ష్మజీవుల్ని మనమే లోపలికి తోసినట్టు.

ఒక మెట్టు మరిచిపోతే, తప్పు దిద్దుకుంటున్నానని ఎవాల్యుయేటర్‌కు చెప్పి చేసెయ్యవచ్చు. వరస ముఖ్యమైన చోట అది ఎప్పుడు చేయాల్సిందో కూడా చెప్పాలి. తర్వాతి స్కిల్ మొదలుపెట్టాక వెనక్కి వెళ్లడం కుదరదు. చేయాల్సింది నోటితో చెబితే చాలదు, చేసి చూపాలి. మొదటిసారి కడిగాక, మధ్యలో చేతులు కడగాల్సిన చోట్ల మాత్రం చెబితే సరిపోతుంది. నిద్రపోయే ముందు నోటితో అనుకోవడం కంటే, మంచం మీద ఎవరినైనా పడుకోబెట్టి చేయడమే నాకు పనికొచ్చింది.

ఇంట్లో పెద్దవాళ్లకు సేవ చేసినవాళ్లకు ఇది తేలికనుకుంటారు. నా లెక్కలో వాళ్లకే కొన్నిచోట్ల ఎక్కువ కష్టం. మనం అన్నీ మనమే చేసిపెట్టడాన్ని ప్రేమ అనుకుంటాం. ఇక్కడ మనిషి చేసుకోగలిగింది చేసుకోనివ్వాలి. ఏ చొక్కా కావాలో అడగాలి. తొడిగేటప్పుడు బలహీనమైన చేయి ముందు, విప్పేటప్పుడు బలమైన చేయి ముందు. తినిపించేటప్పుడు తినేవాళ్లు నిటారుగా ఉండాలి, మనం ఎదురుగా కూర్చోవాలి, ముందు ఏం తింటారో అడగాలి. అన్నంలో అన్నీ కలిపి ముద్దలు పెట్టడం చెల్లదు. "అమ్మమ్మా" అనడం మనకు గౌరవం, ఇక్కడ వాళ్లు కోరిన పేరుతోనే పిలవాలి. వెళ్లేటప్పుడు మంచం కిందికి దించి, కాల్ లైట్ (సిబ్బందిని పిలిచే బటన్) చేతికందేలా పెట్టాలి.

క్లినికల్‌లో నడుమే పెట్టుబడి. పని చేసేముందు మంచాన్ని మన నడుము ఎత్తుకు లేపకపోతే షిఫ్టు చివరికి తెలిసొస్తుంది. కదల్లేనివాళ్లను సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే మడమలు, పిర్రల దగ్గర పుండ్లు పడతాయి. తిన్నదాన్ని 25, 50, 75 శాతం లెక్కన రాయాలి. రాయకపోతే చేయనట్టే లెక్క.

పాసయ్యాక పేరు రాష్ట్ర రిజిస్ట్రీలో, అంటే అర్హత పొందిన సీఎన్ఏల అధికారిక జాబితాలో, చేరుతుంది. వరసగా 24 నెలలు జీతంతో నర్సింగ్ సంబంధమైన పని చేయకపోతే మళ్లీ పరీక్ష, రాష్ట్రాన్ని బట్టి శిక్షణ కూడా తప్పవు. ఇంట్లో అత్తమామలను ఉచితంగా చూసుకున్నది అందులోకి రాదు. వేరే రాష్ట్రానికి మారేవాళ్లు, పాత రిజిస్ట్రీలో గడువు తీరకముందే కొత్తచోట బదిలీకి దరఖాస్తు పెట్టుకోవాలి.