గోడ దగ్గర గుర్తొచ్చిన తమ్ముడు

మా యాత్ర బృందం యెరూషలేము చేరింది సెప్టెంబరులో. యూదులకు అది సెలిఖోత్ కాలం. యోమ్ కిప్పూర్, అంటే మన బైబిల్లోని ప్రాయశ్చిత్త దినం, రాబోయే ముందు రోజుల్లో రాత్రిళ్లు లేచి క్షమాపణ ప్రార్థనలు చేస్తారు.

బస్సులో మా గైడు ఆ ప్రార్థనలోని ఒప్పుకోలు వివరించారు. హీబ్రూ అక్షరమాల వరసలో, ఒక్కో అక్షరానికి ఒక తప్పు. అషమ్ను, అపరాధం చేశాం. బగద్ను, ద్రోహం చేశాం. గజల్ను, దోచుకున్నాం. నాలుగోది దిబర్ను దోఫి, అపనిందలు వేశాం.

అర్ధరాత్రి, యూదులు ప్రార్థన చేసుకునే పాత దేవాలయపు పశ్చిమ గోడ దగ్గర కాలు పెట్టే సందు లేదు. ఆడవాళ్ల వైపు నా పక్కన ఒక ముసలమ్మ పిడికిలితో గుండె మీద మెల్లగా కొట్టుకుంటోంది. నాలుగో మాట వినపడగానే నా చెయ్యీ గుండె మీదికి పోయింది.

ఆరేళ్ల క్రితం, అమ్మ ఆస్పత్రి డబ్బులు తమ్ముడు తినేశాడని బంధువుల ముందు అన్నాను. ఏడాది తర్వాత అమ్మ బీరువాలో బిల్లులు దొరికాయి. పైసా తేడా లేదు. అప్పటి నుంచి దేవుడి దగ్గర ఎంతో ఏడ్చాను. వాడికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

గోడ సందులో పెట్టాలని ప్రార్థన రాసుకున్న చీటీ చేతిలోనే ఉండిపోయింది. తిరిగి వస్తూ గైడును అడిగాను. మనిషికి చేసిన తప్పు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా యోమ్ కిప్పూర్ కూడా తీర్చదని యూదుల ప్రాచీన ధర్మ గ్రంథం మిష్నాలో ఉందట. ఆ మనిషి క్షమించకపోతే ముగ్గురిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లమని, అలా మూడుసార్లు బతిమాలమని 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిదెస్ రాశారట. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్న యేసు మాట నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. మారుమనస్సు అంటే మనసులోపల జరిగేదేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాళ్ల మాట తెషువా. తిరిగి రావడం అని అర్థం.

అప్పుడు ఇండియాలో తెల్లవారుజాము. నిద్ర పట్టలేదు. అక్కడ ఎనిమిదయ్యే టైముకి తమ్ముడికి ఫోన్ చేసి, బిల్లుల సంగతితో సహా అంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

"ఎవరి ముందు అన్నావో వాళ్లకీ చెప్తావా అక్కా?" అన్నాడు.

ఒంగోలు చేరిన మర్నాడే పిన్ని వాళ్లింటికి వెళ్లాను. పెద్ద మావయ్య దగ్గరికి ఈ ఆదివారం వెళ్తున్నాను.