మేడారం నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ

మా అత్తమ్మకు రాత్రి ఏడున్నర అయిందంటే కరెంటు పోయినా సరే ఆ సీరియల్ కావాలె, ఇన్వర్టర్ కొన్నదే దానికోసమని మా ఆయన ఎక్కిరిస్తడు. లవ్ స్టోరీ సీరియల్, పేరెందుకు లెండి. నేనెప్పుడూ వంటింట్ల ఉండి చెవులతోనే చూస్త. కానీ నెల కింద అండ్ల ఒక కొత్త ట్రాక్ మొదలైంది, హీరోయిన్ కు ఏ వస్తువూ పారేయబుద్ధి కాదట, ఇల్లంత సామాన్లట, డాక్టర్ వేషం కట్టినాయన వచ్చి "హోర్డింగ్ డిజార్డర్" అన్నడు. పోపు మాడిపోయింది నాకు. నా జబ్బు పేరు టీవీల వినుడు అదే ఫస్ట్ టైం. స్టవ్ బంద్ చేసి, చేతులు తుడుచుకుంట వచ్చి అత్తమ్మ పక్కన కూసున్న.

ఇగ ఆ పిల్ల ఇల్లు చూడాలె మీరు. 22 ఏళ్ల పిల్ల, పాత గడియారాలు, బొమ్మలు, రంగురంగుల సీసాలు, అన్నీ ముద్దుగ పేర్చి ఉన్నయి, పైన చిన్న చిన్న లైట్లు వేలాడదీసిండ్రు, గది నడుమ డాన్స్ చేసేటంత జాగ. ఒక్క బొద్దింక లేదు. ఎలుక లేదు. అసలు వాసన సంగతి టీవీకి ఎట్లాగూ తెల్వదనుకోండి. హీరో ప్రేమించిండు, ఆమె ఊరికి పోయిన రాత్రి సోపతిగాళ్లను పిలిచి, పాట పెట్టి, మొత్తం లారీల ఎత్తించిండు. తెల్లారి వచ్చి చూస్తే తెల్ల పరదాలు, పూల కుండీలు, పిల్ల ఏడ్చుకుంట పోయి వాని మీద పడ్డది. జబ్బు నయం. మరుసటి రోజు ఎపిసోడ్ల నిశ్చితార్థం.

అత్తమ్మ కొంగుతోటి కండ్లు ఒత్తుకున్నది. మా ఆయన మాత్రం రిమోట్ పక్కన పెట్టి లేచి గేటు కాడికి పోయి నిలబడ్డడు. ఎందుకు పోయిండో మా ఇద్దరికే ఎరుక, ఎందుకంటే ఆ లారీ మా ఇంటికి కూడ వచ్చింది, కాకపోతే మాది ట్రాక్టర్.

నాకిప్పుడు 47. మాది హన్మకొండ, నయీంనగర్ నాలాకు దగ్గర్ల ఇల్లు. మా బాపు ఆజంజాహీ మిల్లు కార్మికుడు, నిజాం కాలంల 1934ల పెట్టిన మిల్లు, వరంగల్ల సగం మందికి అదే అన్నం పెట్టింది. మిల్లు మూతపడ్డంక బాపు ఇంట్లకు తెచ్చుకున్నయి ఒక సంచి నూలు కండెలు, టిఫిన్ డబ్బా, జీతం చిట్టీల కట్ట. ఆయన పోయినంక అవి నా దగ్గరికి వచ్చినయి. అక్కడే మొదలైందని చానా రోజులు అనుకున్న, కానీ కాదు. చిన్నప్పుడే నాకు ఆ గుణం ఉండె, ఆరో తరగతిల చాక్లెట్ కాగితాలు, అరిగిపోయిన పెన్సిల్ ముక్కలు, చెల్లె పారేసినవి కూడ ఏరుకొచ్చి డబ్బాల దాచేదాన్ని, అమ్మ ఏటా దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఆ డబ్బా గురించి లొల్లి అయ్యేది. తర్వాత డాక్టర్ కూడ అదే చెప్పిండు, చానమందికి 11 నుంచి 15 ఏళ్ల మధ్యల షురూ అయితదట, వయసు పెరిగినకొద్ది ముదురుతదట. అప్పుడు అడ్డం పడేటందుకు అమ్మ ఉండె, పెండ్లయినంక ఇల్లు నాదైంది.

ఏమేం దాచిన అంటే, చెప్తే నవ్వుతరు. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, పెరుగు డబ్బాలు, స్వీట్ డబ్బాలు, పేపర్లు (చదవనివి, ఎప్పుడో చదువుదామని), బిడ్డ ఎల్కేజీ నుంచి రాసిన నోట్ బుక్కులు, చిరిగిన చీరలు, పాడైన మిక్సీలు మూడు, పెండ్లి కార్డులు. పెండ్లి కార్డుల మీద వినాయకుడుంటడు, పసుపు బొట్లు పెట్టి ఉంటయి, దాన్ని చెత్త బండిల ఎట్ల ఏస్తం చెప్పండి? ఇది నా ఒక్కదాని బాధ కాదని నాకు తెలుసు, మీ ఇంట్ల కూడ అటుక మీద ఒక కట్ట ఉంటది. తేడా ఏందంటే మీ ఇంట్ల మంచం మీద పండుకోవచ్చు. మా ఇంట్ల ఒక మంచం మీద నాలుగేండ్లు ఎవరూ పండుకోలె.

బయటోళ్లకు లేజీగ కనపడతది, ఆమెకు ఇల్లు ఊడ్చుకోరాదు అంటరు. నేనేమో రోజుకు మూడు గంటలు సర్దేదాన్ని! ఒక కుప్ప తీసి, ఒక్కొక్కటి చేతిలకు తీసుకొని, ఇది ఎక్కడ పెట్టాలె, దీనికేమన్న పని పడతదేమో, ఇది ఎవరిచ్చిండ్రు అని ఆలోచించి ఆలోచించి, చివరికి ఆ కుప్ప ఇటు నుంచి అటు జరిగేది, గంతే. లోపల పెడితే మర్చిపోత అని భయం, కండ్ల ముందర ఉండాలె. పారేద్దామని చెయ్యి లేపితే గుండె దడదడ, బాపు చెయ్యి ఇడిసిపెడుతున్నట్టు అనిపించేది, పాల ప్యాకెట్ కు కూడ.

మనుషులు రాకుండ అయిపోయిండ్రు, అదీ నేనే చేసిన. గ్యాస్ పిలగాడు వస్తే సిలిండర్ గేటు కాడనే దించుమనేది. చెల్లె వస్తా అంటే నేనే వస్త అనేది. నల్లా లీకైతే ఏడాది బకెట్ పెట్టుకున్న గాని ప్లంబర్ ను పిలవలె. అత్తమ్మ అప్పుడు మా బావగారింట్ల ఉండేది, నయమే. 2020 ఆగస్టుల వానలకు నయీంనగర్ మునిగింది కదా, మా ఇంట్లకు మోకాలు లోతు నీళ్లు వచ్చినయి, అందరూ పిల్లలను పట్టుకొని బయటికి ఉరికితే నేను పేపర్ కట్టలు ఎత్తి బీరువా మీద పెడుతున్న. బిడ్డ చెయ్యి పట్టి గుంజింది. తర్వాత తడిసిన పేపర్లు ఒక్కొక్కటి విడదీసి తాడు మీద ఆరేసిన. బస్తీల ఒకామె అన్నది, దీన్ని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపాలె అని, నాకు వినపడేటట్టే అన్నది.

ఇగ 2022 ఫిబ్రవరి. మేడారం జాతర, 16 నుంచి 19 దాకా. చెల్లెవాళ్లతో పోయిన, జంపన్నవాగుల స్నానం, బంగారం (అంటే అమ్మవార్లకు ఇచ్చే బెల్లం) మోసిన, మస్తు రోజులకు మనసు నిమ్మళంగ అయింది. మేం ప్రసాదం బెల్లం పట్టుకొని ఇంటికొచ్చేసరికి మా ఆయన గేటు కాడ నవ్వుకుంట నిలబడ్డడు. లోపలికి పోయిన. ఖాళీ. ఫ్లోర్ టైల్స్ కనపడ్డయి, వాటి రంగు నేను మర్చిపోయిన అసలు. సున్నం కూడ ఏయించిండు. కూలీలను పెట్టి, రెండ్రోజులు తిండి లేకుంట కష్టపడి, ఐదు ట్రిప్పులు ట్రాక్టర్ తోటి పంపిండట. ప్రేమతోనే చేసిండు, ఆ మాట ఇప్పటికీ అంట, ఆ సీరియల్ హీరో కంటె ఎక్కువ ప్రేమతోనే.

నేను మీద పడి ఏడ్వలె. బాపు కండెల సంచి ఏది అని అడిగిన. ఆయనకు ఏ సంచో కూడ తెల్వదు.

మరుసటి రోజు ఆటో మాట్లాడుకొని మడికొండ దిక్కు డంప్ యార్డుకు పోయిన ఒక్కదాన్నే. ఆ గుట్టలు చూసినోళ్లకు తెలుస్తది, అండ్ల సంచి దొరుకుడు ఏంది. అయినా రెండు గంటలు ఎతికిన, అక్కడ చెత్త ఏరుకునే ముసలమ్మ "ఏం పోయింది బిడ్డా, బంగారమా?" అని అడిగింది, ఏం చెప్పాలె ఆమెకు? ఇంటికొచ్చి పండుకున్న. పది రోజులు మా ఆయనతో మాట్లాడలె. తర్వాత మళ్ల మొదలైంది, ఈసారి ఇంకా జోరుగ, దొంగతనంగ, బాత్రూం పైన, మంచం కింద, తాళం పెట్టి. ఎనిమిది నెలలకు ఇల్లు ఎప్పటిలెక్క అయింది. ఆయన మీద నమ్మకం పోయింది, ఊరికి పోవాలంటే భయం, పండుగకు చెల్లె ఇంటికి కూడ పోలె. సీరియల్ల ఈ ఎనిమిది నెలలు లేవు.

మా బిడ్డ టెలీమానస్ కు ఫోన్ చేసింది, మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్ లైన్, 14416, అది అప్పుడే 2022 అక్టోబర్ల కొత్తగ పెట్టిండ్రు. తెలుగుల మాట్లాడిండ్రు, సైకియాట్రిస్టును కలవమన్నరు. నేను పోనన్న, నాకేం పిచ్చా అన్న. రెండు నెలలు పట్టింది ఒప్పుకునేటందుకు. డాక్టర్ మంచిగ మాట్లాడిండు, తిట్టలె. ఇదివరకు దీన్ని ఓసీడీల (ఒకే ఆలోచన, ఒకే పని మళ్ల మళ్ల వదలకుంట పట్టుకునే జబ్బు) ఒక లక్షణంగ చూసేటోళ్లట, 2013ల డీఎస్ఎం-5 అని అమెరికా సైకియాట్రిస్టులు మనసు జబ్బుల మీద రాసే పుస్తకం వచ్చినప్పుడు సెపరేట్ జబ్బని పేరు పెట్టిండ్రట. (సీరియల్ల డాక్టర్ ఒక సీన్ల హోర్డింగ్ అంటడు, ఇంకో సీన్ల ఓసీడీ అంటడు, రాసినోళ్లకే క్లారిటీ లేదు.) దీనికని ప్రత్యేకంగ గోలీ లేదమ్మా, పక్కనున్న డిప్రెషన్ కు ఇస్త, అసలు పని కౌన్సిలింగ్ల మీరే చెయ్యాలె అన్నడు.

కౌన్సిలర్ మేడం ఫస్ట్ రోజే ఫొటోలు చూపించింది. హాలుకు తొమ్మిది, వంటింటికి తొమ్మిది, బెడ్రూంకు తొమ్మిది, ఒకటో నంబరు ఖాళీ గది, తొమ్మిది అంటే తలుపు కూడ తెర్వరాదు. మీ ఇల్లు ఏ నంబరు అని అడిగింది. మూడు అన్న. బిడ్డ పక్కనుంచి ఏడు అన్నది. నాలుగు దాటితే సాయం తీసుకోవాలట. ఆ రోజు ఇంటికొచ్చి ఫోన్ల ఫొటో తీసి చూసుకున్న, కండ్లతో చూస్తే కనపడనిది ఫొటోల కనపడ్డది, ఏడే.

ఆమె పెట్టిన మొదటి రూలు మా ఆయనకు: నేను చెప్పకుంట ఒక్క కాగితం ముట్టొద్దు. రెండోది నాకు: కొత్తది ఇంట్లకు రావొద్దు. చౌరస్తకు పంపేది, బట్టల షాపుల ముందట నడిచి, ఉత్త చేతులతో వాపస్ రావాలె, ఆ ఆత్రం ఎంత ఉందో వందకు ఎంతో రాసుకోవాలె. ఫస్ట్ రోజు రోడ్డు మీద ఒక మంచి అట్టడబ్బా పడి ఉంటే వదిలేసి వచ్చిన, 90 రాసిన, ఇంటికొచ్చేసరికి 70, పండుకునేసరికి 30, తెల్లారి ఆ డబ్బా యాదికే లేదు. అది నాకు పెద్ద ఆశ్చర్యం. నేను బతికినన్ని రోజులు ఆ 90 అట్లనే ఉంటదనుకున్న.

తర్వాత ఇంట్ల పని. రోజుకు ఇరవై నిమిషాలు, ఒక్క సొరుగు, నా చేతులతోనే. పాల ప్యాకెట్లకు మూడు వారాలు పట్టినయి. పెండ్లి కార్డుల కాడ ఆగిపోయిన, అప్పుడు అత్తమ్మ (అప్పటికే మా దగ్గరికి వచ్చింది) కత్తెర తెచ్చి, వినాయకుని బొమ్మలు కత్తిరించి ఒక కవర్ల ఏసి, మిగతాది పాత కాగితాలల్ల ఏద్దాం తియ్ అన్నది. ఏ పుస్తకంల ఉంది ఆ ట్రీట్మెంట్? కౌన్సిలర్ మేడం కూడ నవ్వింది. నోట్ బుక్కులు బిడ్డనే చూసి ఆరు ఉంచింది. మధ్యల మా ఆడపడుచు ఇంట్ల చావు అయినప్పుడు రెండు నెలలు మొత్తం వెనక్కి పోయింది, మళ్ల మొదటి నుంచి.

ఇప్పుడు హాలు రెండు, వంటిల్లు మూడు. వెనక గది ఇంకా ఐదే, అది అబద్ధం ఎందుకు. ఆ మంచం మీద ఇప్పుడు అత్తమ్మ పండుకుంటది. మొన్న గ్యాస్ పిలగాడు సిలిండర్ లోపలికి తెచ్చి పెట్టి నీళ్లు తాగి పోయిండు.

ఆ ఎపిసోడ్ అయినంక రాత్రి మా ఆయన గేటు కాడి నుంచి లోపలికి వచ్చి, చానాసేపు ఏం అనలె. నేనే అడిగిన, మన ట్రాక్టర్ల పాట ఉండెనా అని. నవ్విండు గాని కండ్లల్ల నీళ్లున్నయి. "కండెలు ఒక్కటన్న చూసి ఉంచాల్సుండె" అన్నడు, రెండేండ్లల్ల ఫస్ట్ టైం ఆ మాట.

నిన్న ఎవరో కొడుకు పుట్టిండని స్వీట్ డబ్బా పంపిండ్రు. తినుడు అయినంక మా ఆయన ఖాళీ డబ్బా పట్టుకొని నా మొఖం దిక్కు చూసిండు. మంచి డబ్బా, మూత కూడ గట్టిది. రేపు చెప్త అన్న.