పున్నమి పోటు చూసుకుని దిగాం: అండమాన్‌లో మా స్నార్కెలింగ్

మాది కళింగపట్నం దగ్గర ఊరు. పుట్టినప్పటి నుంచీ సముద్రాన్ని చూస్తూనే ఉన్నాను గానీ దాని లోపల ఏముంటుందో నలభై ఏళ్ళొచ్చేదాకా చూడలేదు. మా దగ్గర చూడ్డానికి వీలూ లేదు. వంశధార, నాగావళి తెచ్చిపోసే ఒండ్రుతో నీళ్ళు కలకగా ఉంటాయి, ఒడ్డున కెరటం విరిగిపడే జోరుకి మొహం నీళ్ళలో పెట్టినా ఇసుక తప్ప ఏమీ కనపడదు. కోరల్స్ (పగడాలు) బతకాలంటే నీళ్ళు తేటగా ఉండాలి, వెలుతురు అడుగుదాకా దిగాలి. అందుకే మన తీరంలో పగడపు దిబ్బలు లేవు, వాటిని చూడ్డానికి మేం బంగాళాఖాతం దాటి అండమాన్ వెళ్ళాం.

అండమాన్ మాకు కొత్త పేరేం కాదు. మా మేనమామ ముప్పై ఏళ్ళ కిందట వైజాగ్‌లో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, జంగ్లీఘాట్‌లో చేపల వేట చేసుకుంటూ అక్కడే ఉండిపోయారు. మన శ్రీకాకుళం వాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, బజారుకి వెళ్తే మన యాస వినపడుతూనే ఉంటుంది. (పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. హేవ్‌లాక్ దీవిని స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అని 2018లోనే మార్చారు. నోటికి పాత పేర్లే వస్తాయి కాబట్టి ఇక్కడ అవే రాస్తున్నాను.)

మాఘ పౌర్ణమికి వెళ్ళాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అబ్బాయి. మా వైపు ఆ రోజు సముద్ర స్నానాలు చేస్తారు కదా, అక్కడ చేద్దామని మా ఆవిడ ముచ్చటపడింది. మావయ్యని ఒక్క మాట అడగకుండా ఫోన్లో ఫొటోలు చూసి రూములు, టికెట్లు అన్నీ నేనే బుక్ చేసేశాను. పౌర్ణమి నాడు మధ్యాహ్నం నీల్‌లో దిగి, సామాన్లు పడేసి, మూడున్నరకి జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్ బీచ్‌కి పోయాం. ఫిబ్రవరిలో అక్కడ ఐదున్నరకల్లా పొద్దు గుంకిపోతుంది, ఆ తొందరొకటి.

నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి. స్నార్కెలింగ్‌కి, అంటే మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ, నీళ్ళ మీద తేలుతూ అడుగు చూడ్డానికి, మాస్కులు అద్దెకిచ్చినతను మాత్రం ఇప్పుడు చాలా బాగుంటుంది, దిగండి అన్నాడు. ఎంత దూరం నడిచినా మోకాలి లోతు దాటలేదు, కింద అంతా చచ్చిన కోరల్ ముక్కలు, ఈదడానికి లేదు, నడిస్తే గుచ్చుకుంటున్నాయి. మా వాడి పాదం గీసుకుపోయి రక్తం వచ్చింది. నా మాస్కులోకి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పిల్లాణ్ణి అలా చూసేసరికి చాలా బాధేసింది, ఇంత దూరం తీసుకొచ్చింది ఇందుకేనా అనిపించింది.

రాత్రి మావయ్యకి ఫోన్ చేశాను. "ఏటల్లుడూ, పున్నమి నాడు సాయంత్రం పూట ఎవులైనా దిగుతారా? పాటుకి నీరంతా లాగీసుంటాది కదా. రేపు పొద్దున్న పది దాటాక అక్కడే దిగి సూడు" అన్నారు. తర్వాత ఓపిగ్గా అంతా చెప్పారు. ఆ దీవుల దగ్గర పున్నమికీ అమావాస్యకీ ఉదయం పది ప్రాంతంలో పోటు నిండుతుంది, అంటే నీళ్ళు ఒడ్డుకి ఎక్కుతాయి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో పాటు, అంటే వెనక్కి పోతాయి. ఆ రెండింటికీ నీటి మట్టంలో తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోయి, అష్టమి నాటికి తిరగబడి పదింటికి పాటు వస్తుంది, కాకపోతే అప్పుడు నీళ్ళు అంత దూరం పోవు. దిగడానికి మంచి సమయం పోటు నిండడానికి ముందు గంట, నిండాక కాసేపు. బయటి సముద్రం నుంచి తేట నీళ్ళు అప్పుడే లోపలికొస్తాయి, లాగుడు కూడా తక్కువ. వేటకెళ్ళేవాడికి ఇవన్నీ రోజూ ఉండే లెక్కలే. ఇంట్లోనే ఇంత తెలిసిన మనిషిని పెట్టుకుని నేను ఫొటోలు చూసి చోటు ఎంచుకున్నాను.

మర్నాడు పదిన్నరకి అదే భరత్‌పూర్, అదే చోటు. నిన్న మేం నడిచిన మేరంతా మనిషి నిలువు దాటి నీళ్ళు నిండి అద్దంలా ఉంది. ఈసారి మాస్కు చూసి తీసుకున్నాను. పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీలిస్తే చేయి వదిలినా పడిపోకూడదు, అప్పుడది మన మొహానికి సరిపోయినట్టు. మీసం ఉన్నవాళ్ళకి పైపెదవి దగ్గర కారుతుంది, కొంచెం వాజలైన్ రాస్తే ఆగుతుంది, నాకలాగే ఆగింది. లైఫ్ జాకెట్ వేసుకుని బోర్లా పడుకుని మొహం నీళ్ళలో పెట్టాను. మొదటి రెండు నిమిషాలు టెన్షన్. నోటితో ఊపిరి తీయాలన్నది మనసుకి ఎక్కాలి కదా. ఎక్కాక మాత్రం నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

కింద మెదడు ఆకారంలో ఒక పెద్ద కోరల్, దాని పక్కన కొమ్మలు కొమ్మలుగా ఇంకోటి, ఆ కొమ్మల మధ్య నీలం రంగు చిన్న చేపలు గుంపుగా, నా నీడ పడగానే అన్నీ ఒకేసారి లోపలికి దూరిపోయి, నీడ జరగ్గానే మళ్ళీ బయటికి. మా వాడు నా చేయి గట్టిగా నొక్కి చూపించాడు, సీ అనెమొనీ (పువ్వులా కనపడే సముద్రజీవి) చేతుల మధ్య నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేప. అది మామీదికి రెండుసార్లు వచ్చి బెదిరించి వెళ్ళింది, దాని ఇల్లు అది కాపాడుకుంటోంది. గంట గడిచినా వాడు బయటికి రానన్నాడు.

రెండు రోజుల తర్వాత హేవ్‌లాక్. రాధానగర్ బీచ్ అందం చెప్పలేను, కానీ అది స్నానానికి, సూర్యాస్తమయానికి. అంతా ఇసుకే కాబట్టి స్నార్కెలింగ్ ఆశతో అక్కడికి వెళ్ళకండి. పక్కనే నీల్స్ కోవ్ అనే చోట 2010లో ఒక టూరిస్టుని మొసలి చంపింది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు హెచ్చరిక బోర్డులు తప్పకుండా చదవండి, మడ అడవుల కాలవల దగ్గర దిగొద్దు. ఎలిఫెంట్ బీచ్‌కి మొదటి పడవలోనే వెళ్ళిపోయాం. ఒడ్డు దగ్గర కోరల్ చాలావరకు బూడిద రంగులో ఉంది. 2010లో నీళ్ళు వేడెక్కి అండమాన్ అంతటా కోరల్స్ తెల్లబడ్డాయి. వాటిలో ఉండే సూక్ష్మమైన నాచే వాటికి తిండి పెడుతుంది, వేడికి ఆ నాచు వెళ్ళిపోతే రంగు పోతుంది, అలాగే ఉండిపోతే చచ్చిపోతాయి. అక్కడి కుర్రాడు నీళ్ళ మీద తేలే గాలి ట్యూబు పట్టుకుని మా ముగ్గుర్నీ ఇంకొంచెం లోతుకి తీసుకెళ్ళాడు, అక్కడ బతికున్నవి బాగానే కనపడ్డాయి. ఈత రాని మా ఆవిడ ఆ ట్యూబు పట్టుకునే అరగంట చూసింది. తొమ్మిదిన్నర దాటేసరికి జనం నిండిపోయి, కాళ్ళు కొట్టే గందరగోళానికి నీళ్ళు మసకబారాయి.

చివర్న మావయ్య పట్టుబట్టి పంపింది జాలీబాయ్ దీవికి. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ నుంచి పడవ. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉందది. వర్షాలు లేని నెలల్లో జాలీబాయ్ తెరుస్తారు, మిగతా నెలల్లో రెడ్‌స్కిన్ దీవికి తీసుకెళ్తారు. పర్మిట్ ముందే తీసుకోవాలి, ప్లాస్టిక్ ఏదీ రానివ్వరు. నాకైతే మిగతా అన్ని చోట్లకన్నా అదే గొప్పగా అనిపించింది. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే చాలు, కోరల్ మొదలు. చిలుక చేపలు దాన్ని కొరికే కరకర నీళ్ళలో స్పష్టంగా వినిపించింది. అవి కొరికి, అరిగించి, వదిలిందే చివరికి ఇసుకవుతుంది. పగడాల దగ్గరి తెల్ల ఇసుకలో చాలా భాగం అలా తయారైందేనని మా వాడికి చెబితే గుప్పెడు తీసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

తిరిగొచ్చే ముందు వాడి జేబులో చిన్న కోరల్ ముక్క దొరికింది. అత్తయ్య చూసి "ఇక్కడిది ఇక్కడే ఉంచాలి నాన్నా" అని వాడితోనే ఒడ్డున పెట్టించింది. వన్యప్రాణి చట్టం ప్రకారం చచ్చిన ముక్క తీసుకెళ్ళినా నేరమే, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు.

వచ్చే శివరాత్రికి మా బావ వాళ్ళు వెళ్తున్నారు. మర్నాడే అమావాస్య కాబట్టి పోటు పొద్దున్నే. కాగితం మీద రాసిచ్చాను: భరత్‌పూర్ ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నరకి, సాయంత్రం వద్దు, ఎలిఫెంట్ బీచ్ మొదటి పడవ, జాలీబాయ్‌కి ఒక రోజంతా, మాస్కులు ఇక్కడే వైజాగ్‌లో కొనుక్కోవాలి. కింద మావయ్య ఫోన్ నంబరు, టికెట్లు బుక్ చేసే ముందే చేయమని.