నేను సింకులో పారబోసిన ఫ్లోరైడ్

నాకు పళ్ళు తోముకోవడం రాదని 36 ఏళ్ళ వయసులో తెలిసింది.

చల్లటి నీళ్ళు తాగితే చాలు, ఎడమవైపు కింది పన్ను జివ్వుమనేది. ఆర్నెల్లలో నాలుగు పేస్టులు మార్చాను. పళ్ళు తెల్లబరిచేది ఒకటి, బొగ్గుది ఒకటి, మూలికలది ఒకటి. చివరికి సెన్సిటివిటీది తెచ్చి, నాలుగు రోజులు వాడి, లాభం లేదని మూల పడేశాను.

డెంటిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ నా పేస్టు పేరు అడగనే లేదు. "తోముకున్నాక ఏం చేస్తారు?" అన్నారు. "ఏముందండీ, నాలుగైదు సార్లు శుభ్రంగా పుక్కిలిస్తాను" అన్నాను, కొంచెం గర్వంగానే. ఆవిడ నవ్వేశారు.

సంగతేంటంటే, తీపి తిన్నప్పుడల్లా నోట్లో బాక్టీరియా ఆ చక్కెరతో ఆమ్లం తయారుచేస్తుంది. పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) దాదాపు 5.5 కంటే కిందికి పోతే పైపొర ఎనామెల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం వాటిని మెల్లగా మళ్ళీ పంటికి చేరుస్తుంది. పేస్టులో ఉండే ఫ్లోరైడ్ తోడుంటే ఆ మరమ్మతు ఇంకా బాగా జరుగుతుంది. కానీ అది పంటి మీద కాసేపు నిలవాలి కదా! నేను ఇన్నేళ్ళూ రెండు నిమిషాలు తోమి, దాన్ని పది సెకన్లలో కడిగేస్తున్నాను. నురగ ఉమ్మేసి, పుక్కిలించకుండా ఊరుకోవాలట. మొదటి వారం నరకం, నోరంతా పుదీనా జిడ్డు. తర్వాత అలవాటైపోయింది. రాత్రి తోముకోవడం మాత్రం అస్సలు మానడం లేదు, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.

ఇంటికొచ్చి పెట్టెల వెనక చిన్నక్షరాలు చదివాను. ఫ్లోరైడ్ 1,000 నుంచి 1,500 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) మధ్య ఉండాలన్నారు డాక్టరుగారు. నా మూలికల పేస్టులో అసలు లేనే లేదు. బొగ్గుది గరుకు, ఎనామెల్ ఒకసారి అరిగితే తిరిగి రాదు. తెల్లబరిచేది పైపై మరకలే తీస్తుంది. మూల పడేసిన సెన్సిటివిటీ పేస్టులో పొటాషియం నైట్రేట్ ఉంది. అది పంటి నరాన్ని శాంతపరచడానికి కొన్ని వారాలు పడుతుంది. నేనిచ్చిన గడువు నాలుగు రోజులు!

అన్నట్టు, ట్యూబు అడుగున పచ్చ గీత ఉంటే సహజం, నల్ల గీత ఉంటే కెమికల్ అంటూ మా బావగారు ఏడాదికోసారి మెసేజ్ పంపుతారు. ఆ గీత ట్యూబు ఎక్కడ కత్తిరించాలో మెషీన్‌కి చెప్పే గుర్తు, అంతే.

ప్రకటనల్లోలా బ్రష్ పొడవునా అలలా పేస్టు పెట్టక్కర్లేదు. మా నాలుగేళ్ళ పాపకి బఠాణీ గింజంత, రెండేళ్ళ బాబుకి బియ్యపు గింజంత. వాడికది మిఠాయి, సగం మింగేస్తాడు. పళ్ళు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా మింగితే వాటి మీద తెల్ల మచ్చలు వస్తాయి. అందుకే ట్యూబు ఇప్పుడు పై అరలో ఉంది.

ఇంతకీ పన్ను జివ్వుమనడానికి కారణం పేస్టు కాదు, నా చెయ్యి. గిన్నెలు తోమినట్టు తోమడంతో చిగురు కిందికి జారి వేరు బయటపడింది. మెత్తటి బ్రష్ కొన్నాను. మూల పడేసిన పేస్టునే మళ్ళీ తీసి ఐదు వారాలు వాడాను, జివ్వుమనడం చాలావరకు తగ్గింది.

మా ఆయన మాత్రం ఇంకా మగ్గు నిండా నీళ్ళతో పుక్కిలిస్తూనే ఉన్నారు. ఆయన పన్ను ఇంకా జివ్వుమనలేదు మరి.