నా అనుభవం: నా కథను తెరమీద వేసి నాకే ముద్ర వేశారు

మా బ్యాంకులో పెట్టిన ట్రైనింగు నిన్నటితో అయిపోయింది. ఎవరు దేనికోసం పాకులాడుతున్నారో తెలిస్తే సిబ్బంది మధ్య గొడవలు తగ్గుతాయని పెట్టారు. పేర్ల నమోదు, ఫారాలు, భోజనాలు అన్నీ సాఫీగా జరిగిపోయాయి. ఒళ్లు మండింది బొమ్మల పరీక్ష దగ్గరే.

ఒక బొమ్మను కాసేపు చూపించి తీసేస్తారు, మనం దాని మీద కథ రాయాలి. అమెరికన్ సైకాలజిస్టు డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఇలాంటి కథల్లో మూడు కోరికలు వెతికేవాడు: పని బాగా చేసి చూపించాలని, నలుగురితో కలిసిమెలిసి ఉండాలని, నలుగురిలో తన మాట చెల్లాలని. 1964లో మా కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలవాళ్లకు పాఠాలు చెప్పే సియెట్ సంస్థలో శిక్షణ మొదలైంది ఆయన పద్ధతిలోనే. మావాళ్ల మీద పరీక్షించిన విద్య కదా అని హుషారుగా కూర్చున్నాను.

నాకొచ్చిన బొమ్మలో డ్రాయింగు బల్ల ముందు ఒకాయన, బల్ల మీద ఇంట్లోవాళ్ల ఫోటో. ఈ ఇంజనీరు గీసిన వంతెన పైవాళ్లకు నచ్చలేదనీ, పట్టుబట్టి ఒప్పించి కట్టించాడనీ రాశాను. మర్నాడు ట్రైనరు ఆ కాగితాన్ని నా పేరుతో సహా తెరమీద వేశాడు. సగం వాక్యాల కింద ఎర్రగీతలు. "మేడమ్‌గారికి పెత్తనం అంటే ఇష్టం. కింద పనిచేసేవాళ్లు జాగ్రత్త!" అన్నాడు. నా సెక్షన్ వాళ్లంతా వెనక వరసలోనే ఉన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు వేడెక్కిపోయాయి. అదే కథ మగ ఆఫీసరు రాసుంటే నాయకత్వం అనేవాడు, నాకు అనుమానం లేదు.

ఇంటికెళ్లి చదివాను. అదే మెక్‌క్లెలాండ్ 1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో కలిసి ఏం రాశాడంటే, అందరికీ నచ్చాలని తాపత్రయపడే మేనేజరు కన్నా, తన మాట చెల్లాలనుకునే మేనేజరే బాగా నడిపిస్తాడట. కాకపోతే ఆ కోరిక సొంత గొప్పకు కాకుండా సంస్థకు ఉపయోగపడాలి, అదుపులో ఉండాలి. ఈ మాట ఆ ట్రైనరుకు తెలియదా? తెలిసీ నవ్వించడానికి దాచాడా? ఇరవయ్యేళ్లకు పైగా కౌంటర్లు నడిపిన దాన్ని, నా సెక్షన్‌లో సాయంత్రం లెక్క తేలకుండా తాళం పడదు.

అసలు పనికొచ్చింది టీ టైములో దొరికింది. మా హెడ్ క్యాషియరుగారు చిన్న సంతకం లేకపోయినా వోచరు తిప్పి పంపేస్తారు. దేనికండీ ఇంత పట్టుదల అని పక్కన కూర్చుని అడిగాను. "ఒకసారి సంతకం లేని వోచరు మీద డబ్బిచ్చేశానమ్మా. తేడా నా జీతంలోంచే కట్టాను. అప్పుడే మా అమ్మాయి పెళ్లి" అన్నారు. ఆయనకు కావలసింది మచ్చ లేకుండా రిటైరవడం. ఇవాళ వోచర్లన్నీ నేనే చూసి, సంతకాలు పెట్టి పంపాను. ఒక్కటీ వెనక్కి రాలేదు. పెన్షనర్లు కాస్త ఆలస్యంగా వచ్చినా కౌంటరు మూయకుండా ఇచ్చారాయన.

మీ ఆఫీసులో ఈ పరీక్ష పెడితే వెళ్లండి, మానకండి. కానీ రాసిన కాగితం మీ చేతికే ఇస్తామని, తెరమీద వెయ్యబోమని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నమ్మొద్దు, మాకూ నోటిమాటే ఇచ్చారు.