మోడల్ రైళ్ల కోసం పక్కకు జరిగే క్యాసెట్లు: నా అనుభవం

సికింద్రాబాద్‌లోని మా ఇంట్లో, గోడ వెంట బిగించిన పదడుగుల బల్ల మీద, హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, ఒక చిన్న స్టేషన్ కట్టుకున్నాను. అక్కడికి వచ్చిపోయే నాలుగు రైళ్లను తెర వెనుక నిలపడానికి పాయింట్లతో, అంటే రైలును ఒక లైను నుంచి మరోదానికి మళ్లించే పట్టాల ముక్కలతో, లైన్లు చీల్చుదామంటే, ఒక్కో పాయింటు దాదాపు 220 మి.మీ. ఉంటుంది కనుక మూడింటికే రెండడుగులకు పైగా పోతుంది. అందుకే రైలును దాని దారితో సహా పక్కకు జరిపే, కావాలంటే ఎత్తి అలమరలో పెట్టుకోగల క్యాసెట్లను ఎంచుకున్నాను.

క్యాసెట్ అంటే ప్లైవుడ్ పలక మీద ఎదురెదురుగా బిగించిన రెండు అల్యూమినియం యాంగిల్స్ (ఎల్ ఆకారపు పట్టీలు), అంతే. అడ్డరెక్కల మధ్య హెచ్‌ఓ పట్టాల మధ్య ఉండే దూరమే, అంటే 16.5 మి.మీ. సందు వదిలితే చక్రాలు ఆ రెక్కల మీద దొర్లుతాయి, నిలువురెక్కలు రైలు పడిపోకుండా గోడల్లా నిలుస్తాయి. (మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. కాబట్టి ఈ స్కేలులో 19 మి.మీ. దాటాలి; ఆ రాజీకి నేనెప్పుడో అలవాటుపడ్డాను.) అర అంగుళం యాంగిల్‌తో గోడల మధ్య 39 మి.మీ. కూడా మిగలదు, ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం బోగీ వెడల్పే 37 మి.మీ.; కాబట్టి ముప్పాతిక అంగుళం కొన్నాను.

పొడవు దగ్గర మాత్రం పొరబడ్డాను. ఐసీఎఫ్ బోగీ పొడవు 21,337 మి.మీ. అని గుర్తుంచుకుని, స్కేలులో 245 చొప్పున నాలుగు బోగీలకు 216 మి.మీ. ఇంజిను కలిపి, ప్లైవుడ్ షీటు వెడల్పయిన 1,220 సరిపోతుందని నాలుగు పలకలూ కోయించాను. తీరా రైలు నిలిపి చూస్తే చివరి బోగీ బయటికి వచ్చింది. నేను లెక్కవేసింది పెట్టె పొడవు. రెండు కొనల్లో ఢీ తట్టుకునే బఫర్ల నుంచి బఫర్ల వరకు 22,297, అంటే స్కేలులో 256. రెండింటి బదులు 1,300 పొడవున కొత్త పలకలు కోయించవలసి వచ్చింది.

నాలుగు క్యాసెట్లను మోసే ట్రేను డ్రాయర్లకు వాడే టెలిస్కోపిక్ ఛానళ్ల మీద అమర్చాను. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువైన డ్రాయరు ఒక మూల ముందుకొచ్చి మరో మూల వెనకబడినట్టే, నా ట్రే కూడా వంకరగా కదిలింది. పిడిని సరిగ్గా మధ్యకు మార్చి, రైలు ప్రవేశించే కొన దగ్గర మాత్రం ఒక ఇత్తడి గడియ బిగించాను. కచ్చితత్వం కావలసింది ఆ ఒక్క కొనకే కాబట్టి రెండో కొన అర మిల్లీమీటరు అటూ ఇటూ ఊగినా పట్టించుకోలేదు. ఎత్తును మాత్రం అట్టముక్కలు పెట్టి, బల్ల మీది దారీ క్యాసెట్టూ కలిసే అతుకు మీద గోరు గీచినప్పుడు ఎక్కడా తగలనంత వరకు సవరించాను. దానికే ఒక ఆదివారం పట్టింది.

ఇక కరెంటు. అల్యూమినియానికి మామూలు టంకం అంటుకోదు, అందువల్ల బల్ల వైపున్న పొట్టి యాంగిల్ ముక్కలకు తీగలను బోల్టులతో బిగించాను. అక్కడి నుంచి క్యాసెట్‌కు కరెంటు అందించడానికి నిలువురెక్కల అతుకు మీద కాగితాలకు పెట్టే నల్ల బైండర్ క్లిప్పులు తగిలించాను. రెక్కలు చక్కగా కలిశాయి, ఇంజిను మాత్రం కదలలేదు. కంట్రోలరును అనుమానించి అరగంట వృథా చేశాక, క్లిప్పు మీది నల్లరంగే అడ్డమని తెలిసింది. క్లిప్పుల లోపలి అంచులనూ, అవి తాకే అల్యూమినియాన్నీ ఎమరీ కాగితంతో రుద్దాక రైలు మెల్లగా లోపలికి నడిచింది.

మిగిలిన రెండు 1,220 క్యాసెట్లను పారవేయలేదు. వాటిలో మూడేసి బోగీల ప్యాసింజర్లు నిలుస్తున్నాయి.