ఫెలోషిప్‌కి మారాక

అమెరికాలో పోస్ట్‌డాక్‌ని, అంటే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవాణ్ణి. ప్రొఫెసర్ గ్రాంటు నుంచి జీతం వచ్చినన్నాళ్లూ పన్ను నెలనెలా జీతమిచ్చేవాళ్లే కోసుకునేవారు, జనవరిలో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) చేతికొచ్చేది. తర్వాత నాకు సొంత ఫెలోషిప్ వచ్చింది. అదే ల్యాబ్, అదే పని. ఇది జీతం కాదు గనక, సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పింఛను), మెడికేర్‌కి (వృద్ధుల ఆరోగ్య బీమా) కలిపి పోయే 7.65 శాతం ఆగిపోయింది. సంబరమే! కానీ ఆదాయపు పన్ను ఎక్కడికీ పోదు. డిగ్రీ కోసం చదివేవాళ్లం కాదు కాబట్టి ఫెలోషిప్ డబ్బంతా పన్ను కిందికే వస్తుంది. ముందుగా పట్టుకునేవాళ్లు లేరు గనక ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల్లో 15వ తేదీకల్లా 1040-ఈఎస్ అనే ముందస్తు పన్ను ఫారంతో మనమే కట్టుకోవాలి. (మూడు నెలలకోసారి అని పేరు, ఏప్రిల్‌కీ జూన్‌కీ మధ్య ఉన్నది రెండు నెలలే!) పింఛను అర్హతకి లెక్కేసే సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లూ రావు, అది నిజంగా నష్టమే. కాస్త ఊరట, 2020 నుంచి ఈ డబ్బుతోనూ ఐఆర్‌ఏలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) దాచుకోనిస్తున్నారు.